దున్నను గట్టు దింపి చూడండి

ప్రశ్న: డాక్టరు గారూ, మాది రాజోలు దగ్గర గోదావరి పాయ పక్కన ఉన్న పల్లె. మా డ్వాక్రా సంఘంలో 11 ఇళ్ళకు కలిపి 42 గేదెలున్నాయి. సూది (కృత్రిమ గర్భధారణ కోసం వీర్యం ఎక్కించడం) వేయించినా చాలావాటికి చూడి నిలవడం లేదు. అందరం డబ్బు వేసుకుని ఒక మంచి ముర్రా దున్నపోతును కొందామనుకుంటున్నాం. మా అబ్బాయి ఆస్ట్రేలియాలో ఒక పశుక్షేత్రంలో పనిచేస్తున్నాడు. అక్కడ మాంసం కోసం పెంచే షార్ట్‌హార్న్ మందకు ఆంబోతులను ఎలా ఎంచుతారో వీడియోలు తీసి పంపాడు. ఆ లెక్కలు మన దున్నకు పనికొస్తాయా? ఆ జాతి సూదే మన గేదెలకు వేయిస్తే పోదా అని మా తోటికోడలు అడుగుతోంది. సుడులు చూడకుండా దేన్నీ కొనవద్దని మా మామగారు పట్టుబట్టారు. ఏం చెయ్యమంటారు?
— రాజోలు ప్రాంతం నుంచి ఒక సోదరి

సమాధానం:

అమ్మా, ముందుగా మీ తోటికోడలి ప్రశ్న తేల్చేస్తాను. షార్ట్‌హార్న్ ఆవు జాతి. ఆవు కణంలో 60 క్రోమోజోములుంటాయి, మన ముర్రా గేదె కణంలో 50. ఆంబోతు వీర్యంతో గేదెకు చూడి నిలవదు. ఎన్ని సూదులు వేయించినా డబ్బు దండగ. అలాగని ఆ జాతి మనకు పూర్తిగా పరాయిదని కూడా అనుకోకండి. మన ఒంగోలు పశువులు సముద్రం దాటి వెళ్ళి, అమెరికాలో బ్రాహ్మన్ అనే జాతి తయారీలో కలిశాయి. టెక్సాస్‌లోని కింగ్ రాంచ్ వారు ఆ బ్రాహ్మన్‌ను షార్ట్‌హార్న్‌తో కలిపి శాంటా గెర్ట్రూడిస్ అనే కొత్త జాతిని నిలబెట్టారు. 1940లో దానికి గుర్తింపు వచ్చింది. అలా చూస్తే మీ అబ్బాయి మేపుతున్న మందకూ మన ఒంగోలు గిత్తకూ దూరపు వియ్యం ఉన్నట్టే.

ఇక అసలు సంగతి. వీడియోల్లో మీరు చూసి ఉంటారు: ఆంబోతును నిలబెట్టి, ఎంచే మనిషి పక్కనుంచి ఒకసారి, వెనకనుంచి ఒకసారి చూసి, నడుము మీద, తొడల మీద చెయ్యి వేసి కండ ఎంత ఉందో తడుముతాడు. అతనికి కావలసిన సరుకు అతని కళ్ళ ముందే ఉంది. మాంసం కావాలి, అది ఆంబోతు ఒంటి మీదే కనిపిస్తోంది. మీకు కావలసింది పాలు. దున్నపోతు పాలివ్వదు. మీరు కొనే వస్తువు దాని ఒంటి మీద ఎక్కడా కనబడదు. ఈ ఒక్క తేడాను మరిచిపోయి, నిగనిగలాడే నలుపునూ మెలితిరిగిన కొమ్ములనూ చూసి లక్షలు పోసిన సంఘాలను చాలా చూశాను.

'పాడిని చూసి బర్రెను, తల్లిని చూసి పిల్లను' అన్నారు పెద్దలు. దున్న మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే రెండూ కలిపి, తల్లి పాడిని చూసి దున్నను కొనమని ఉండేవారని నా నమ్మకం. అందుకే దున్న ఎంపికను నేను రెండు పనులుగా విడదీస్తాను. అది పని చెయ్యగలదా అన్నది దాని ఒంట్లో చూడాలి. మీకు ఏమిచ్చి పోతుందన్నది దాని తల్లిలో, తోబుట్టువుల్లో, దొరికితే కూతుళ్ళలో చూడాలి. మొదటి పనికి షార్ట్‌హార్న్ వాళ్ళ పద్ధతి మనకు అక్షరాలా పనికొస్తుంది. రెండో పనికి వాళ్ళ కళ్ళు మనకు సరిపోవు.

మొదటిదాని గురించి నా తలవంపు ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, నలుగురు రైతులు సలహా కోసం నన్ను పశువుల సంతకు తీసుకెళ్ళారు. ఒక దున్నను చెరువుగట్టు వాలు మీద, ముందుకాళ్ళు పైకీ వెనకకాళ్ళు కిందికీ వచ్చేలా నిలబెట్టారు. ఒళ్ళంతా ఆముదం. కొమ్ములకు కూడా నూనె పట్టించి మెరిపించారు. కాళ్ళ చుట్టూ మోకాలెత్తున వరిగడ్డి పరిచారు. మెడలో ఎర్రటి తాడు, మువ్వలు. పక్కనుంచి చూస్తే ఏనుగు గున్నలా ఉంది. నేను పళ్ళు చూశాను, కొమ్ముల మెలిక చూశాను, తోక కుచ్చు తెలుపు చూశాను, సరేనన్నాను. ఇంటికి తెచ్చి కాలవలో కడిగాక నూనె పోయింది. సిమెంటు రోడ్డు మీద నడిపిస్తే వెనకకాళ్ళు ఈడుస్తోంది. వెనక్కి వెళ్ళి వంగి చూస్తే ఒక వృషణం రెండోదానిలో సగం కూడా లేదు. ఎనిమిది నెలల్లో ఆ ఊరి గేదెల్లో చూడి నిలిచినవి మూడో నాలుగో. ఎవరూ నన్ను తిట్టలేదు. ఒక ముసలాయన మాత్రం, "డాక్టరు గారూ, మీరు కొమ్ములు చూశారండి, కాళ్ళ మధ్య చూడలేదు" అన్నాడు. అప్పటినుంచి నేను ఏ దున్న దగ్గరికి వెళ్ళినా మొదటి మాట ఒకటే: గట్టు దింపండి, గడ్డి తీసెయ్యండి, నీళ్ళు పోసి కడగండి. కడగడానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర బేరం ఆడవలసిన పనే లేదు.

కడిగాక నడిపించండి. మీది ఏటి ఒడ్డు కాబట్టి మీకొక వసతి ఉంది. తడి ఇసుక మీద ఇరవై అడుగులు మామూలు నడకతో నడిపించి, దున్న మొహం చూడడం మాని అడుగుజాడలు చూడండి. వెనక గిట్ట ముందు గిట్ట వేసిన గుర్తు మీద గాని, దాదాపు దాని దగ్గర గాని పడాలి. జానెడు వెనకే పడుతుంటే కీళ్ళు బిగిసి ఉన్నాయని, లేదా వెనకకాళ్ళు మరీ నిటారుగా ఉన్నాయని అర్థం. జాడలు బయటికి చెదిరినట్టు, లోపలికి మెలితిరిగినట్టు ఉన్నా మంచిది కాదు. తర్వాత పక్కనుంచి వెనకకాలి నడిమి కీలు చూడండి. స్తంభంలా నిలువుగా ఉన్న కాలు రెండు మూడేళ్ళలో కీలు వాచి కుంటుతుంది. కొడవలిలా మరీ వంగిన కాలూ బరువు మోయలేదు. గేదెను దాటేటప్పుడు దున్న ఒంటి బరువంతా ఆ రెండు కాళ్ళ మీదే ఆగుతుంది. ఎంత గొప్ప తల్లి బిడ్డయినా కాళ్ళు లేకపోతే మీ పాకలో కట్టేసిన అలంకారమే. షార్ట్‌హార్న్ మందల్లో ఆంబోతును మేత మైదానంలో ఆవుల వెంట వదిలేస్తారు గనక అది మైళ్ళు నడవాలి. మన దున్న అంత నడవనక్కరలేదు గాని, నెలల తరబడి బురదలో నిలబడాలి. డెల్టా నల్లమట్టి తడిలో గిట్ట మెత్తబడుతుంది. అందుకని గిట్టలు ఎత్తించి చూడండి. రెండు గోళ్ళూ సమానంగా ఉండాలి. ఒకదాని మీదికి ఒకటి కత్తెరలా పెరిగినవి వద్దు.

ఇప్పుడు ఆ ముసలాయన చెప్పిన చోటుకు వద్దాం. ఈ పరీక్ష మీరు చెయ్యకండి, పశువైద్యుడితో బోనులో పెట్టించి చేయించండి. అయితే ఏం చేస్తున్నారో మీకు తెలియాలి. రెండు వృషణాలనూ సంచి అడుక్కు దించి, బాగా లావుగా ఉన్నచోట టేపు చుట్టి కొలుస్తారు. షార్ట్‌హార్న్ వంటి మాంసపు జాతి ఆంబోతుకు 15 నెలల లోపు కనీసం 30 సెంటీమీటర్లు, రెండేళ్ళు దాటాక 34 సెంటీమీటర్లు ఉండాలన్నది అక్కడ అందరూ పాటించే కొలత. వీర్యంలో కనీసం 30 శాతం కణాలు ముందుకు ఈదాలి, 70 శాతం కణాల ఆకారం సరిగా ఉండాలి. ఈ టేపు కొలతను యథాతథంగా మన దున్నకు పెట్టకండి. గేదెజాతి మగవాటికి సహజంగానే వృషణాలు చిన్నవి, సంచీ అంతగా వేలాడదు. ఆంబోతు లెక్క పెడితే మంచి దున్నను కూడా తిప్పి పంపేస్తారు. అదే వయసు, అదే జాతి దున్నలు నాలుగింటిని పక్కపక్కన కొలిపించి, అన్నిటికంటే ఎక్కువ కొలత వచ్చినవాటిలో ఎంచుకోవడం మేలు. రెండూ సమానంగా ఉన్నాయా, నొక్కితే బిగించిన కండలా గట్టిగా ఉన్నాయా, మెత్తగా పిండిముద్దలా ఉన్నాయా అన్నది టేపు కంటే ముఖ్యం. మరో సంగతి. ఆవుజాతిలో వృషణాల చుట్టుకొలత ఎక్కువ ఉన్న ఆంబోతు కూతుళ్ళు త్వరగా ఎదకు వస్తాయని తేలింది. ఆలస్యంగా ఎదకు రావడమే పెద్ద తలనొప్పి అయిన గేదెల్లో ఆ గుణం కోసం వెతకడం తప్పు కాదు.

బాగా కొవ్విన దున్నను చూసి మురిసిపోకండి. వృషణాలు ఒంటి వేడి కంటే కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటేనే వీర్యం సరిగా తయారవుతుంది. సంచి మెడ దగ్గర కొవ్వు పేరుకుంటే ఆ చల్లదనం పోతుంది. విదేశీ వేలాల్లో కూడా ఇదే జబ్బు. ధర కోసం దాణా దట్టించి తెచ్చిన ఆంబోతు, కొన్నవాడి మేతకు వచ్చాక మంచుగడ్డలా కరిగిపోతుందని అక్కడి రైతులూ మొత్తుకుంటారు. చివరి రెండు మూడు పక్కటెముకలు లీలగా కనిపించే దున్న నాకు ఇష్టం.

ఇక రంగు మాట. ముర్రా అంటే కాటుక నలుపే అని మనవాళ్ళకు పట్టింపు. హర్యానాలో రోహ్‌తక్, హిసార్, జింద్ ప్రాంతం ఆ జాతి పుట్టిల్లు. అక్కడ నలుపు, బిగుతుగా చుట్టుకున్న కొమ్ములు జాతి గుర్తులే, కాదనను. కానీ వెంట్రుకలు తుప్పురంగుకు తిరిగితే అది జాతి లోపమే కానక్కరలేదు. ఒంట్లో రాగి తక్కువైనా నలుపు వెలిసిపోతుంది. ఖనిజ మిశ్రమం పెడితే సరయ్యేదానికి దున్నను వదులుకోకండి. కొమ్ము మెలిక ఒక చుట్టు తక్కువైందని ఏ గేదె పాలూ తగ్గలేదు.

కోపిష్టి దున్న మాత్రం వద్దే వద్దు. మీ సంఘంలో దాన్ని పట్టుకునేది ఎక్కువగా ఆడవాళ్ళే. కొత్త మనిషి దగ్గరికి వెళితే తల దించి బుస కొట్టేదాన్ని, ముకుతాడు పట్టుకోనివ్వనిదాన్ని ఎంత వంశముందన్నా తేకండి. సాధువనుకున్నదాన్ని కూడా రెండు పలుపులతో, ఇద్దరు మనుషులతోనే నడిపించండి. పిల్లలను దాని మీద ఎక్కించి ఫొటోలు తీయవద్దు.

రెండో పని దగ్గరకు వస్తున్నాను. ఇక్కడే మోసం ఎక్కువ. "దీని తల్లి పూటకు తొమ్మిది లీటర్లండి" అంటారు. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు మనవాళ్ళు తలాడిస్తారు. పూట పాలు లెక్క కాదు. ముందుపూట పితకకుండా ఆపేస్తే ఏ గేదె అయినా ఒక పూట బిందె నింపుతుంది. మీరు అడగవలసింది, ఈత మొత్తానికి, అంటే 305 రోజులకు, ఎన్ని పాలు, వెన్న ఎంత, ఆ లెక్క ఎవరు రాశారు అని. తల్లి చెవికి 12 అంకెల పసుపు బిళ్ళ ఉంటుంది. ఆ అంకెలు రాసుకుని, ప్రభుత్వ రికార్డులో ఆ గేదె వివరాలు ఏమున్నాయో మీ పశువైద్యుడిని చూడమనండి. తల్లి బతికి ఉంటే వెళ్ళి చూడండి. మూడో ఈతో నాలుగో ఈతో అయి, పొదుగు సాగిపోకుండా, నాలుగు చన్నులూ సమంగా, ఏటా కాకపోయినా పదిహేను నెలలకైనా ఈనే తల్లి అయితే అది చాలు. రాజోలు వైపు పాల ధర వెన్నను బట్టే కదా. వెన్న శాతం తల్లిదండ్రుల నుంచి దూడకు వచ్చేంత బలంగా పాల పరిమాణం రాదు. లీటర్ల గొప్పలు విని వెన్న అడగడం మరవకండి.

షార్ట్‌హార్న్ వాళ్ళు కూడా ఒంట్లో కనిపించనిదాన్ని లెక్క కట్టడం నేర్చుకున్నారు. ఆస్ట్రేలియాలోని ఆర్మిడేల్‌లో పుట్టిన బ్రీడ్‌ప్లాన్ అనే పద్ధతిలో ప్రతి ఆంబోతుకూ, దాని బంధువులందరి తూకాలనూ కలిపి ఒక పట్టిక ఇస్తారు. పుట్టినప్పటి బరువు, 200, 400, 600 రోజుల బరువులు, కూతుళ్ళ పాలు, వృషణాల కొలత అందులో ఉంటాయి. మీ అబ్బాయిని ఆ పట్టిక చూపించమనండి. తొలిచూలు పెయ్యలకు పుట్టుకప్పుడు తేలికగా ఉండే దూడలనిచ్చే ఆంబోతును ఎంచి కడతారని అందులో కనిపిస్తుంది. మీరూ చిన్న ఒళ్ళు ఉన్న నాటు పడ్డలకు మరీ భారీ దున్నను కట్టించకండి.

అయితే వంశవృక్షం కాగితాన్ని కూడా గుడ్డిగా నమ్మకూడదని నేర్పింది అదే జాతి. ఇంగ్లండు ఈశాన్యంలో టీస్ నది లోయలో కాలింగ్ అన్నదమ్ములు ఆ జాతిని తీర్చిదిద్దారు. వాళ్ళ కామెట్ అనే ఆంబోతు 1810 వేలంలో వెయ్యి గినీలు (అప్పటి ఇంగ్లీషు బంగారు నాణేలు) పలికింది. దాని పుట్టుక వినండి. ఫేవరిట్ అనే ఆంబోతును దాని సొంత తల్లికే కట్టించారు. పుట్టిన పెయ్యను మళ్ళీ ఫేవరిట్‌కే కట్టిస్తే కామెట్ పుట్టింది. గుణాలు గట్టిపడ్డాయి, నిజమే. కానీ ఆ దారి పట్టుకుని పోయినవాళ్ళలో థామస్ బేట్స్ పెంచిన డచెస్ వంశం గతి ఏమైంది? 1873లో అమెరికాలోని న్యూయార్క్ మిల్స్ వేలంలో ఆ వంశపు ఆవు ఒకటి 40,600 డాలర్లు పలికింది. పేరుకే అంత ధర. ఆ వంశానికి అప్పటికే గొడ్డుతనం పట్టుకుంది. కొన్నాళ్ళకు అంతరించింది. ఆ రోజుల్లోనే స్కాట్లండులో అమోస్ క్రుక్‌షాంక్ అనే రైతు కాగితం సంగతి పక్కన పెట్టి, చలిలో తక్కువ మేతతో కండ పట్టే పశువులనే ఉంచుకుంటూ పోయాడు. ప్రదర్శనలో మొదటి బహుమతి దక్కని చాంపియన్ ఆఫ్ ఇంగ్లండ్ అనే దూడను అమ్మకుండా మందలోనే నిలుపుకున్నాడు. ఈ నాటి మాంసపు షార్ట్‌హార్న్‌కు మూలపురుషుల్లో అదొకటి.

ఇదంతా మీ 42 గేదెలకు ఎందుకంటే, ఒకే దున్న ఊళ్ళో ఎన్నాళ్ళు ఉండాలన్నది ఇందులోనే తేలుతుంది. గేదె పది నెలలు మోస్తుంది. పుట్టిన పెయ్యదూడ పడ్డగా ఎదిగి ఎదకు రావడానికి రెండున్నర, మూడేళ్ళు. కాబట్టి దున్న వచ్చిన మూడేళ్ళు దాటగానే దాని కూతుళ్ళు దాని ముందుకే వస్తాయి. అప్పటికల్లా దాన్ని ఇంకో ఊరి సంఘానికిచ్చి వాళ్ళ దున్నను మీరు తెచ్చుకోవాలి. ఈ మార్పిడి ఒప్పందం కొనేముందే చేసుకోండి. తర్వాత "మన దున్నే కదా, మంచిదే కదా" అని ఆపేస్తారు. ప్రతి ఊళ్ళోనూ అదే జరుగుతుంది.

ఇన్ని చెప్పాక ఒక మొరటు ప్రశ్న వేస్తాను, ఏమీ అనుకోకండి. అసలు మీకు దున్న కావాలా? సూదికి చూడి నిలవలేదంటే తప్పు సూదిదేనని ఎలా తెలుసు? గేదె ఎద బయటపడదు. ఆవులా అరవదు. ఎక్కువగా రాత్రి పొద్దుపోయాక, తెల్లవారుజామున వస్తుంది, పగటికి చల్లారుతుంది. మానం నుంచి జిగురు తీగలా సాగడం, మాటిమాటికీ ఉచ్చ పొయ్యడం, ఆ పూట పాలు తగ్గడం, ఇవే గుర్తులు. రాత్రి పదింటికి, తెల్లవారుజామున నాలుగింటికి పాకలోకి దీపం పట్టుకెళ్ళి చూసేవాళ్ళు మీ 11 ఇళ్ళలో ఎందరున్నారు? సాయంత్రం ఎద మొదలైతే మర్నాడు ఉదయం సూది వేయించాలి. మన ఇంట్లో గుర్తుపట్టేసరికి మధ్యాహ్నం, సూది వేసే మనిషి వచ్చేసరికి మర్నాడు. తిరగపొర్లే గేదెలు, అంటే సూది వేయించినా చూడి నిలవక మళ్ళీ ఎదకు వచ్చేవి, పదింటిని ముందు పరీక్ష చేయించండి. గర్భసంచిలో చీము, ఒట్టి వరిగడ్డి మేపు వల్ల ఖనిజాల లోటు, కార్జపు జలగ, వీటిలో ఏది ఉన్నా స్వర్గం నుంచి దున్న దిగివచ్చినా చూడి కట్టదు. కోతలయ్యాక చేలో పిల్లిపెసర, జనుము చల్లుకునే అలవాటు మీ వైపు ఇంకా ఉంటే ఆ నెలల్లో ఎదలు ఎలా మెరుగుపడతాయో మీకే తెలుసు.

నా మట్టుకు నేను చెప్పేది, రెండూ ఉంచుకోండి. పాలు పెంచడానికి సూది, ఎద పట్టడానికి దున్న. కూతుళ్ళ పాలు కొలిచి తేల్చిన దున్నల వీర్యం సూది రూపంలోనే దొరుకుతుంది. హిసార్‌లోని కేంద్ర గేదెల పరిశోధన సంస్థ వంటి చోట్ల ఒక్కొక్క దున్నను అలా తేల్చడానికి ఏళ్ళు పడుతుంది. అంత పరీక్షించిన దున్నను మీకెవరూ అమ్మరు. మీ పాకలోని దున్న మాత్రం మూగ ఎదను వాసన పట్టి చెబుతుంది. రోజూ ఉదయం, సాయంత్రం దాన్ని పాకల మధ్య నడిపిస్తే చాలు, మీరు చూడలేని ఎదలు అది చూపిస్తుంది. మంచి గేదెలకు అప్పుడే కబురు పెట్టి సూది వేయించండి. రెండుసార్లు తిరగపొర్లిన వాటికి దున్నను దాటించండి. అలా అయితే వారానికి రెండు మూడు దాట్లకు మించవు, దున్నా అలిసిపోదు.

దున్న కోసం హర్యానాకే పోనక్కరలేదు. మొన్న ఒక కొబ్బరితోట మకాంలో ఒక గేదెను చూశాను. ఐదో ఈత. ఏ ఈతలోనూ పాలజ్వరం లేదు, పొదుగువాపు లేదు, ఈనిన మూడు నాలుగు నెలలకే మళ్ళీ చూడి. ఇంటావిడ దాని గురించి కూతురి గురించి చెప్పినట్టు చెబుతోంది. పాక చివర, చూరు కింద దాని దున్నదూడ కట్టేసి ఉంది. ఎముకలన్నీ లెక్కపెట్టవచ్చు. పొట్ట కుండలా, మూతి మీద ఈగలు. "మగది కదండీ, పాలు విడవలేదు" అంది. ఊరంతటికీ మంచి దున్న కాగలిగింది అక్కడే ఆకలితో మూలుగుతోంది, వీళ్ళేమో లారీ మాట్లాడుకుంటున్నారు. మీ సంఘంలో అలాంటి గేదెలు రెండు మూడు ఉంటాయి. వాటికి కూతుళ్ళ పరీక్షలో నెగ్గిన దున్న సూది వేయించండి. మగదూడ పుడితే సంఘం డబ్బుతో మూడు నెలలు కడుపునిండా పాలు, తర్వాత దాణా పెట్టించండి. మూడేళ్ళు ఆగాలి, నిజమే. కానీ దాని తల్లి పాలు మీరే కొలిచారు, ఎవరి మాటా నమ్మనక్కరలేదు. వెంకట్రామన్నగూడెంలోని గేదెల పరిశోధన స్థానం మీకు మరీ దూరం కాదు. పెంపకం గురించి వెళ్ళి అడగండి.

ఈలోగా బయటినుంచి కొనేటట్లయితే, రెండు నుంచి నాలుగు పళ్ళు వేసినదాన్ని, అంటే సుమారు మూడు, మూడున్నరేళ్ళదాన్ని, ఇంతవరకూ ఊరి గేదెలను దాటనిదాన్ని తీసుకోండి. చాలా ఊళ్ళు తిరిగిన దున్న పైకి ఏ గుర్తూ లేకుండా జబ్బులు మోసుకొస్తుంది. ముఖ్యంగా బ్రూసెల్లోసిస్. అది వస్తే ఏడో నెలలో, ఎనిమిదో నెలలో గేదెలు వరసగా ఈచుకుపోతాయి. దాన్ని ముట్టుకున్న మనుషులకూ విడవని జ్వరం, కీళ్ళనొప్పులు పట్టుకుంటాయి. రక్తపరీక్ష కాగితం చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి. తెచ్చాక 30 రోజులు వేరే పాకలో, వేరే కుడితితొట్టితో ఉంచి మళ్ళీ పరీక్ష చేయించండి. మీ పెయ్యదూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో ఆ జబ్బు రాకుండా టీకా వేయించండి. మగదూడలకు మాత్రం అది వేయించకూడదు.

తెచ్చే కాలం కూడా చూసుకోవాలి. గేదెలు ఎక్కువగా ఎదకు వచ్చేది సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. వీర్యకణం మొదటినుంచి తయారై బయటికి రావడానికి సుమారు రెండు నెలలు. లారీ ప్రయాణంలో వడదెబ్బ తగిలినా, జ్వరం వచ్చినా ఆ రెండు నెలల సరుకూ పాడైనట్టే. కాలువలు కట్టేసే ఏప్రిల్, మే నెలల్లో తెస్తే పొర్లడానికి నీళ్ళుండవు, ఎండ చంపుతుంది. జూన్ చివరలో నాలుగు చినుకులు పడ్డాక తెచ్చి, గొంతువాపు టీకా వేయించి, మేతను ఒక్కసారిగా మార్చకుండా వారం పది రోజుల్లో మన వరిగడ్డికి అలవాటు చేస్తే సెప్టెంబరుకు సిద్ధంగా ఉంటుంది. మీది లంక భూమి అయితే వరదరోజుల కోసం ఏటిగట్టుకు ఇవతల ఒక పాక ముందే మాట్లాడుకోండి. ఎనిమిది క్వింటాళ్ళ దున్నను వరదనీటిలో నడిపించి తేవడం మాటలు కాదు.

మీ మామగారి సుడుల సంగతి మిగిలింది. ఆయనతో గొడవ పడకండి. సుడికీ పాలకూ సంబంధం ఉన్నట్టు నా అనుభవంలో ఎప్పుడూ కనబడలేదు. కానీ సుడులు చూసే పెద్దమనిషి అరగంటసేపు దున్న చుట్టూ తిరుగుతాడు, అమ్మకందారు ఊదరగొట్టినా కదలడు. అది మీకు లాభమే. ముందు టేపు, నడక, రక్తపరీక్ష, తల్లి పాల లెక్క అయిపోనివ్వండి. అన్నిటిలోనూ సమానంగా నిలిచిన రెండు దున్నలు మిగిలితే, ఆ రెంటిలో ఏదన్నది ఆయన చూసిన సుడికే వదిలెయ్యండి.